ఇల్లుబండికి మూడు స్విచ్‌లు

మార్చి 3

ఒరే ఫ్యూజూ,

వారం రోజులుగా బండి నడుపుతున్నాను, ఇంతవరకూ దేన్నీ గుద్దలేదు. ఈ ఒక్క వాక్యం ముందు మరదలికి చదివి వినిపించు. నేను బయల్దేరిన రోజు గుమ్మంలో నిలబడి ఆ పిల్ల ముఖం ఎలా పెట్టిందో ఇంకా నా కళ్ళ ముందే ఉంది. మిగతాది నువ్వు తీరిగ్గా చదువుకో.

ఇప్పుడు బండిని ఒక బట్టల మార్కెట్ వెనక వీధిలో ఆపాను. ఎదురుగా దర్జీల వరస. పదకొండు షాపులు, ఇరవై మూడు కుట్టుమిషన్లు, బాగుచేసేవాళ్ళు ఒక్కరూ లేరు. వెనక తలుపు తీసి బోర్డు తగిలించానో లేదో, ముగ్గురు దర్జీలు మిషన్ తలకాయలు చంకలో పెట్టుకొని వచ్చేశారు. నాన్న పెట్టిన కుట్టుమిషన్ల రిపేరు షాపు మూసేటప్పుడు నేనేం చెప్పాను? మిషన్లు చచ్చిపోలేదురా, మన దగ్గరకు రావడం మానేశాయంతే, అవి రాకపోతే నేనే వాటి దగ్గరకు వెళ్తానన్నాను. నువ్వు నవ్వావు. నవ్వుతూనే పాత వ్యాను పైకెక్కి రెండు సోలారు పలకలు బిగించావు. సీటు కింద పెద్ద బ్యాటరీ పెట్టి, మంచం, దీపాలు, ఫ్యాను, చిన్న ఫ్రిజ్ అన్నీ అమర్చి చక్రాల మీద నాకొక ఇల్లు కట్టిచ్చావు. అరవై మూడేళ్ళకు సొంతిల్లు వచ్చిందిరా నాకు.

నీ షరతు కూడా మర్చిపోలేదులే. కంటి ఒత్తిడికి నేను వేసుకునే చుక్కల మందు ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఫ్రిజ్ ఒక్క పూట ఆగినా ప్రయాణం మానేసి ఇంటికి వచ్చేయాలి. అమ్మకు చివర్లో రెండు కళ్ళూ ఎలా పోయాయో చూశాం కాబట్టే నువ్వంత పట్టు పట్టావని నాకు తెలుసు. అందుకే మారు మాట్లాడకుండా నీ చేతిలో చెయ్యేసి ఒట్టేశాను. ఫోన్ కూడా ఓడిపోయిన రోజే చేస్తాను, అప్పటివరకూ ఉత్తరాలే. ఫోన్లో అయితే మనిద్దరికీ మూడో నిమిషానికి పోట్లాట మొదలవుతుంది. ఉత్తరాల్లో పోట్లాడాలంటే కనీసం వారం పడుతుంది.

అలమరా తలుపు మీద నువ్వు అతికించిన కాగితం రోజూ చూసుకుంటున్నాను. సోలారుకు ఒక స్విచ్, ఇంజన్‌కు ఒక స్విచ్, బయటి కరెంటు ప్లగ్గుకు ఒక స్విచ్. బయల్దేరేటప్పుడు కిటికీలోంచి తల పెట్టి "నాన్న చెప్పినవి మర్చిపోకు" అన్నావు చూడు, అదీ మర్చిపోలేదు. బ్యాటరీ మీటరు ఇవాళ పొద్దున వందకు అరవై ఒకటి చూపించింది. బాగానే ఉన్నట్టే కదా?

పదో తారీఖు తర్వాత తరువాతి ఊళ్ళో దారాల షాపు దగ్గర ఉంటాను. చిరునామా కవరు వెనక రాశాను.

పదకొండు షాపులకూ ఏకైక మెకానిక్,
అక్క


మార్చి 9

అక్కయ్యా,

అరవై ఒకటి అంటే బాగానే ఉన్నట్టు కాదు!

నీ ఉత్తరం మొదటి వాక్యం మీ మరదలికి వినిపించాను. "ఇంతవరకూ అన్నారా?" అని అడిగి, ఆ ఒక్క మాట పట్టుకొని పొద్దంతా దిగులు పడింది. లెక్కల టీచర్ని పెళ్ళి చేసుకుంటే ఇంతే. ప్రతి వాక్యంలోనూ ఏదో ఒకటి తీసివేస్తుంది.

సరే, అసలు విషయం. పైన నాలుగు వందల వాట్ల పలకలున్నాయి. ఈ ఎండకు అవి మధ్యాహ్నానికల్లా బ్యాటరీని నింపేసి చేతులు కట్టుకొని కూర్చోవాలి. పైగా నువ్వు ఊరు మారినప్పుడల్లా ఇంజన్ కూడా ఛార్జ్ చేస్తుంది. దర్జీల షాపుల్లో ప్లగ్గు దొరికితే ఆ కరెంటు ఒకటి. ఇన్ని వైపుల నుంచి వస్తుంటే నీ ఫ్రిజ్, ఫ్యాను, దీపాలు, మోటార్లకు టంకం వేసే కడ్డీ అన్నీ కలిపి తాగినా తొంభై కిందకు రాకూడదు. మీ మరదలు ఒక కాగితం నిండా లెక్కేసి మరీ చూపించింది.

కాబట్టి తప్పు నీ దగ్గరే ఉంది. చెట్టు నీడలో బండి ఆపుతున్నావు కదూ? పలక మూల కొంచెం నీడ పడినా మొత్తం పలక నీరసపడిపోతుంది. దుమ్ము పేరుకుందేమో చూడు. పక్షులు చేసిన పనులుంటే తడిగుడ్డతో తుడువు. ఇవన్నీ చేసి మళ్ళీ అంకె రాయి.

నేను రిటైరై మూడు నెలలైనా డిపో నుంచి ఒక్కడూ ఫోన్ చేయలేదు. ముప్ఫై ఏళ్ళు బస్సుల వైరింగ్ చూసినవాణ్ణి, నిన్న ఎదురింటి వాళ్ళ కాలింగ్‌బెల్ బాగుచేశాను. అది ఇప్పుడు మన ఇంట్లో మోగుతోంది. ఎలాగని అడక్కు.

చుక్కలు వేళకు వేసుకో.

తమ్ముడు


మార్చి 16

బస్సు డిపో మాజీ మహారాజుకు,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. బండిని చెట్టుకు, గోడకు, ఆఖరికి కరెంటు స్తంభానికి కూడా దూరంగా మైదానంలో నిలబెట్టాను. పలకలు తుడిచాను. ఎంత మెరుస్తున్నాయంటే వాటిలో చూసి తల దువ్వుకోవచ్చు. అంకె నలభై ఎనిమిది. అయినా నువ్వేం బెంగపడకు. నువ్వు చేసిన పని బంగారంరా. ఇంత బాగా వైర్లు లాగిన మనిషిని నేనెక్కడా చూడలేదు. దారాల షాపాయన కూడా మెచ్చుకున్నాడు.

ఇక్కడ ఒకావిడ మిషన్ ముందుకు కుట్టనని మొండికేసి వెనక్కే కుడుతోంది. ఆమె దానికి అలవాటుపడిపోయి, గుడ్డనే తిప్పి పెట్టి రెండేళ్ళుగా జాకెట్లు కుట్టేస్తోంది! నేను లీవరు స్ప్రింగు మార్చి ఇచ్చాను. మర్నాడు పొద్దున్నే వచ్చి, "అమ్మా, ముందుకు కుడుతుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి, పాతలాగే చేసివ్వండి" అంది. పక్కన కూర్చోబెట్టుకొని పిల్లలకు అక్షరాలు దిద్దించినట్టు ముందుకు కుట్టించాను. మధ్యాహ్నానికి ఇద్దరం నవ్వలేక చచ్చాం.

పని మాత్రం ఊపిరాడనంత ఉంది. ఇంత సంతోషంగా నేనెప్పుడున్నానో గుర్తు లేదు. పొద్దున్నే తలుపు తీస్తే కొత్త వీధి కనిపిస్తుంది. ఎవరో ఒకరు టీ తెచ్చిస్తారు. సూది ఎందుకు విరుగుతోందో చెప్పగానే నన్ను డాక్టర్లా చూస్తారు. నాకు ఈ పని ఇంకా చాలా ఏళ్ళు కావాలిరా.

ఒక్క నిచ్చెనతోనే ఇబ్బంది. రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగడానికి మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. కానీ భద్రత ముఖ్యం కదా, ఎక్కుతున్నాను.

ముందుకు కుట్టించే
అక్క


మార్చి 23

అక్కయ్యా,

నువ్వు నన్ను మెచ్చుకున్నావు. నా జీవితంలో ఇది రెండోసారి. మొదటిసారి మెచ్చుకున్నప్పుడు నా సైకిల్ పోగొట్టి వచ్చావు. ఇప్పుడేం దాస్తున్నావో మర్యాదగా చెప్పు.

పలకలు తుడవడానికి రోజుకు నాలుగుసార్లు ఎక్కమని ఎవరు చెప్పారు? పది రోజులకొకసారి చాలు. అంత తుడిచినా నలభై ఎనిమిదా? అంకె నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఇంట్లో ఒక పాత పలక పెట్టి, అదే రకం ఛార్జర్ పెట్టి మేడ మీద పరీక్ష చేశాను. బ్రహ్మాండంగా పనిచేసింది. అంటే పలకలు మంచివే, ఛార్జర్ మంచిదే. ఇక మిగిలింది నువ్వే.

ఇంకో సంగతి. నీ అక్షరాలు పెద్దవయ్యాయి. మొదటి ఉత్తరంలో వాక్యానికి ఒక వరస పట్టింది, ఈసారి రెండున్నర పట్టింది. మీ మరదలు స్కేలు పెట్టి కొలిచింది. అక్కా, దాపరికం వద్దు. నీ కళ్ళు తగ్గాయా? అసలు నువ్వు ఊళ్ళు తిరుగుతున్నావా, లేక ఎక్కడో ఒక గదిలో ఉండిపోయి, బండి నీడలో పెట్టేసి, మాకు కథలు రాస్తున్నావా? వెనక్కి కుట్టే మిషనట! ముప్ఫై ఏళ్ళు మోటార్లతో ఉన్నవాణ్ణి, అలాంటిది నేనెప్పుడూ వినలేదు.

కోపం తెచ్చుకోకు. నాకు భయంగా ఉంది, అంతే.

తమ్ముడు

వదినా, ఈయన రోజుకు మూడుసార్లు మేడెక్కి సూర్యుణ్ణి చూసి వస్తున్నారు, మీ దగ్గర కూడా ఇదే సూర్యుడున్నాడో లేదో అన్నట్టు. నిజమేదో రాసేయండి, ఇంటాయన్ని కాపాడండి. మరదలు.


మార్చి 29

అయ్యా అనుమానాల రాయుడుగారికి,

నేను గదిలో ఉన్నానా? కథలు రాస్తున్నానా? వెనక్కి కుట్టే మిషన్ ఉండదా? దారాల షాపాయన ఈ ఊరికి పంపించిన నీ ఉత్తరం చదివి నాకు ఒళ్ళు మండిపోయింది. బండి దిగి ఇక్కడి మైదానం చుట్టూ రెండుసార్లు తిరిగొస్తే గానీ పెన్ను పట్టుకోలేకపోయాను.

అక్షరాలు ఎందుకు పెద్దవయ్యాయో చెబుతా విను. సాయంత్రం దీపం వేయకుండా రాస్తున్నాను కాబట్టి. దీపం ఎందుకు వేయలేదంటే బ్యాటరీ మిగలాలి కాబట్టి, ఫ్రిజ్ నడవాలి కాబట్టి! ఇన్నాళ్ళూ నీ మనసు నొప్పిస్తానేమోనని ఈ మాట రాయలేదు. నీ వైరింగులో ఎక్కడో లోపం ఉందిరా. రిటైరైన కొత్తలో మనిషికి చెయ్యి తడబడటం మామూలే. దానికి చిన్నబోనక్కర్లేదు. నేను సర్దుకుంటున్నాను కదా.

తిరుగుతున్నానో లేదో కూడా సాక్ష్యం కావాలా? ఇదిగో సాక్ష్యం. మొన్న పొద్దున దారాల షాపు ఊరు వదిలి బయల్దేరాను. ఇంజన్ స్టార్ట్ చేసే ముందు ఎప్పట్లాగే పైకెక్కి, పలకల మీద దుప్పటి కప్పి, నాలుగు మూలలా తాళ్ళతో కట్టాను. పెద్ద రోడ్డెక్కాక ఒక ముడి ఊడినట్టుంది. దుప్పటి గాలిలో లేచి, వెనకొస్తున్న కూరగాయల లారీ అద్దం మీద నిండుగా పరుచుకుంది. పాపం ఆ డ్రైవరు ఎలాగో పక్కకు ఆపాడు. నేను పరుగున వెళ్ళేసరికి దుప్పటి మడతపెట్టి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. తిట్టే మనిషిలాగే ఉన్నాడు గానీ, నా తెల్లజుట్టు చూసి మాట మింగేశాడు. "అమ్మా, బండికి చలేస్తోందా?" అన్నాడు. క్షమించమని పది సార్లు చెప్పాను. ఆయనే పైకెక్కి మళ్ళీ కప్పి, లారీ ముడులు వేసి ఇచ్చాడు. అవి ఎంత గట్టివంటే ఇప్పుడు నాకు విప్పడం రావడం లేదు.

ఈ దుప్పటి వల్ల దారిలో నాకు పేరు కూడా వచ్చింది. దర్జీలు ఒకరికొకరు ఫోన్లు చేసుకొని "దుప్పటి మేడమ్ మీ ఊరొస్తోంది" అని చెప్పుకుంటున్నారు. గదిలో కూర్చుంటే వచ్చే పేరా ఇది?

తరువాత జిప్పుల షాపు ఊరు. నమ్మకం కుదిరితే అక్కడికి రాయి, కుదరకపోతే రాయకు.

గదిలో లేని
అక్క


ఏప్రిల్ 2

తమ్ముడూ,

మొన్నటి ఉత్తరం నీకు ఇంకా అంది ఉండదు. అది కోపంలో రాసింది. ఇది వేరు.

అకాల వర్షం పట్టుకుంది. మూడు రోజులు మైదానంలోనే చిక్కుబడిపోయాను. చుట్టూ బురద, చక్రం కదిలితే దిగబడుతుంది. ఊళ్ళో కరెంటు పోయింది, షాపు ప్లగ్గు లేదు. ఇంజన్ కాసేపు ఆడిద్దామంటే, పొగంతా పక్క షాపులో ఆరేసిన తెల్లబట్టల మీదకు పోతోంది. పలకల మీది దుప్పటి తడిసి బరువెక్కింది, ఆ లారీ ముడులు బిగుసుకుపోయాయి, నిచ్చెన జారుతోంది. ఎక్కలేకపోయాను. అయినా పైన మబ్బే కదా, తీసినా ఏమొస్తుందిలే అనుకున్నాను.

నిన్న పొద్దున లేచేసరికి ఫ్రిజ్ చప్పుడు లేదు. తలుపు తీసి చుక్కల సీసా పట్టుకున్నాను. చెయ్యి ఎంత వెచ్చగా ఉందో సీసా అంత వెచ్చగా ఉంది.

దాని ముందు కూర్చొని బాగా ఏడ్చాను. ఎందుకు అబద్ధం చెప్పాలి, చాలాసేపు ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కొని మందుల షాపుకు వెళ్ళి కొత్త సీసా తీసుకున్నాను, దాన్ని వాళ్ళ ఫ్రిజ్‌లోనే ఉంచమన్నాను. ఇవాళ వాన తగ్గింది. చుక్కలు ఒక్క పూట కూడా మానలేదు. కానీ ఒట్టు ఒట్టే. ఫ్రిజ్ ఆగింది, నేను ఓడిపోయాను.

ఫోన్ చేసి చెబుతానన్నాను. నీ గొంతు వింటే మళ్ళీ ఏడుస్తానని ఫోన్ ఆపేసి డబ్బాలో పెట్టాను. జిప్పుల షాపు వాళ్ళకు మూడు మిషన్లు బాగుచేస్తానని మాటిచ్చాను, అది తిరుగుదారిలోనే ఉంది. పన్నెండో తారీఖు వరకూ అక్కడుండి, ఆ పని చేసిచ్చి, ఇంటికొచ్చేస్తాను. బండి నువ్వేం చేసుకుంటావో చేసుకో. నాకు దాన్ని అలా వాకిట్లో నిలబెట్టి చూడాలంటే కష్టం. ఎవరైనా పనిచేసేవాళ్ళకు ఇచ్చేద్దాం.

నీ పనిలో లోపం ఉందన్నాను, అది వెనక్కి తీసుకుంటున్నా. ఇల్లు బాగా కట్టావు. నాకే ఉండటం చేతకాలేదు.

అక్క


ఏప్రిల్ 4

అక్కయ్యా! అక్కయ్యా! అక్కయ్యా!

ఇరవై తొమ్మిదో తారీఖు ఉత్తరం ఇప్పుడే వచ్చింది. నిలబడి చదువుతున్నాను. "ఎప్పట్లాగే పలకల మీద దుప్పటి కప్పి" అన్న చోట ఆగిపోయాను. మళ్ళీ చదివాను. కూర్చున్నాను. మీ మరదలు వంటింట్లోంచి వచ్చి ఏమైందని కంగారుపడింది. కాగితం చేతికిచ్చాను. ఆమె చదివి కుర్చీలోంచి జారి కిందపడేలా నవ్వింది. తర్వాత నేనూ మొదలుపెట్టాను. ఎదురింటివాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు.

అక్కా, సోలారు పలకలకు పగలు దుప్పటి కప్పిన మనిషివి ఈ భూమ్మీద నువ్వొక్కదానివే. ఇంజన్ నడిచినంతసేపూ కప్పుతున్నావా? ప్లగ్గు పెట్టినప్పుడు కూడానా? రోజుకు నాలుగుసార్లు నిచ్చెనెక్కింది అందుకా? మోకాళ్ళు నొప్పిగా ఉన్న రోజు తీయకుండా అలాగే వదిలేశావు కదూ? మీ మరదలు అప్పటికప్పుడు లెక్కేసింది. పలకలు రోజుకు గంటన్నర కూడా ఎండ చూడలేదట. నలభై ఎనిమిది రావడమే గొప్ప.

ఇప్పుడు నవ్వు ఆగింది. ఎందుకు కప్పావో నాకు తెలుసు. తెలిశాక నవ్వు ఆగిపోయింది.

నాన్న షాపు. నాకు పదిహేనేళ్ళు. కరెంటు పోయిందని జనరేటరు తెచ్చి తీగలు కలిపాను. లైను స్విచ్ ఆపేశానని నాన్న మీద ఒట్టేసి చెప్పాను. నిజానికి ఆపలేదు. కరెంటు తిరిగొచ్చింది. జనాలు బాగుచేయమని ఇచ్చిన పన్నెండు మిషన్ల మోటార్లు ఒక్క క్షణంలో కాలిపోయాయి. నాన్న నన్ను ఫ్యూజు అన్నాడు, ఆ పేరు ఇప్పటికీ పోలేదు. పన్నెండు మోటార్లకూ నెల రోజులు కూర్చొని తీగ మళ్ళీ చుట్టింది నువ్వు. ఆ తర్వాతే నాన్న గోడ మీద రంగుతో రాశాడు: రెండు కరెంట్లు కలపరాదు. స్విచ్‌ను నమ్మరాదు.

నువ్వు నమ్మలేదు. స్విచ్ ఆపినా పలకల్లో కరెంటు పుడుతూనే ఉంటుందని, ఎండే తగలకుండా చేశావు. నేనేమో కిటికీలోంచి తల పెట్టి "నాన్న చెప్పినవి మర్చిపోకు" అన్నాను. వేళకు తినమని, మెల్లగా నడపమని నా ఉద్దేశం. కాగితం మీద మూడు స్విచ్‌ల గురించి రాశాను గానీ, మూడూ ఒకేసారి వేసుకోవచ్చని రాయలేదు. అది చెప్పాల్సిన విషయమని కూడా నాకు తోచలేదు. డిపోలో అందరికీ తెలిసిన విషయం కదా, అక్కకు తెలియదా అనుకున్నాను.

ఇప్పుడు విను. ఆ రోజు నేను కలిపింది ఇళ్ళకొచ్చే కరెంటు. అది ఉయ్యాలలా ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఒక ఉయ్యాలను ఇద్దరు చెరో లెక్కతో నెడితే ఎవరి పళ్ళు రాలతాయో తెలియదు. నీ బండిలో సంగతి వేరు. బ్యాటరీ నీళ్ళ ట్యాంకు లాంటిది. పంపు నీళ్ళు, మోటారు నీళ్ళు, పైకప్పు మీది వాన నీళ్ళు, మూడు గొట్టాలూ ఒకేసారి పెట్టినా ట్యాంకు వద్దనదు. ప్రతి గొట్టానికీ నేనొక కాపలాదారును పెట్టాను. పలకలకు ఒక ఛార్జర్, ఇంజన్‌కు ఒకటి, ప్లగ్గుకు ఒకటి. ట్యాంకు నిండుతోందనగానే ఎవరి కుళాయి వాళ్ళే తగ్గించేస్తారు. ఒకటి గట్టిగా పోస్తుంటే రెండోది నిండిపోయిందనుకొని కాసేపు కునుకు తీస్తుంది, అంతే. అది చూసి కంగారుపడకు. వాటిలో అవి కొట్టుకోవు. మన కంటే నయం.

మూడు స్విచ్‌లూ వేసేయ్. వేసి ఉంచేయ్. నిచ్చెన ఎక్కొద్దు, పలకల మీదది తీసేయడానికి షాపులో ఎవర్నైనా అడుగు.

కానీ ఒక్కటి. మొదటి రోజే నన్నెందుకు అడగలేదక్కా? నా చెయ్యి తడబడిందనుకొని నాలుగు వారాలు చీకట్లో కూర్చున్నావా?

సిగ్గుతో, నవ్వుతో,
ఫ్యూజు


ఏప్రిల్ 7

అక్కా,

రెండో ఉత్తరం వచ్చింది. నీకు ఫోన్ చేశాను, అది డబ్బాలో పడుకుంది. అందుకే ఇది స్పీడుపోస్టులో పంపుతున్నాను. నాలుగో తారీఖు ఉత్తరం ముందు చదువు, తర్వాత ఇది.

వెచ్చబడిన సీసా ముందు నువ్వు కూర్చొని ఏడ్చావని చదివి, కంచం ముందు నుంచి లేచొచ్చి ఇది రాస్తున్నాను.

ఫ్రిజ్ ఆగితే రావాలన్నది షరతు. ఆగింది, ఒప్పుకుంటాను. కానీ దాన్ని ఆపింది నువ్వు కాదు, పదిహేనేళ్ళ నేను. పెద్దయ్యాక కూడా కాగితం మీద ఒక్క వరస రాయని నేను. నేను ఆపి, నువ్వు ఓడిపోవడమేమిటి? షరతు పెట్టినవాణ్ణి నేనే కాబట్టి కొట్టేస్తున్నాను. మీ మరదలు ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కూడా గీసింది, చూడు.

బండిని ఎవరికీ ఇవ్వొద్దు. అది నీ ఇల్లు.

కళ్ళ డాక్టరుకు చూపించుకొని, కంటి ఒత్తిడి ఎంతుందో రాయి. నాకు కావలసిన అంకె ఇక అదొక్కటే.

ఇంకొకటి కూడా చెప్పేయాలి, లేకపోతే నాకు నిలవదు. ఆ షరతు సగం నీ కళ్ళ కోసం పెట్టాను. మిగతా సగం, నువ్వు తొందరగా వచ్చేస్తావని. నువ్వు వెళ్ళాక ఈ ఇంట్లో నన్ను ఒరే అని పిలిచేవాళ్ళు లేరు. వీధిలో వ్యాను హారన్ వినిపిస్తే లేచి కిటికీ దగ్గరకు వెళ్తున్నాను. చుక్కల పేరు చెప్పి నిన్ను కట్టేసినట్టయింది, అది తప్పు. వెళ్ళక్కా. ఎన్ని ఊళ్ళుంటే అన్ని ఊళ్ళు తిరుగు.

తమ్ముడు


ఏప్రిల్ 12

ఒరే నా బంగారు ఫ్యూజూ,

మొన్న జిప్పుల షాపామె రెండు ఉత్తరాలూ ఒకేసారి చేతిలో పెట్టింది. వాళ్ళ మెట్ల మీద కూర్చొని చదివాను. మొదటిది చదువుతూ నేను నవ్వుతుంటే ఆమె నవ్వింది, రెండోది చదువుతూ ఏడుస్తుంటే ఆమె కూడా కళ్ళు తుడుచుకుంది. తర్వాత "ఇంతకీ ఏం రాశారమ్మా?" అని అడిగింది.

వాళ్ళాయన నిచ్చెనెక్కి కత్తెరతో ఆ ముడులు కోసి దుప్పటి కింద పడేశాడు. నేను లోపలికెళ్ళి మూడు స్విచ్‌ల ముందు నిలబడ్డాను. సోలారుది వేశాను. ప్లగ్గుది వేశాను, షాపులోంచి తీగ వచ్చింది. ఇంజన్ స్టార్ట్ చేసి మూడోదాని మీద వేలు పెట్టి కళ్ళు గట్టిగా మూసుకున్నాను. నాన్న గుర్తొచ్చాడు. నొక్కేశాను.

ఏమీ కాలేదురా! చిన్న చిటుక్కుమన్న చప్పుడు కూడా లేదు. మీటరు ముందు పీట వేసుకొని కూర్చున్నాను. ముప్ఫై రెండు, ముప్ఫై మూడు, కళ్ళ ముందే ఎక్కుతోంది. కాసేపటికి ఇంజన్ ఆపేశాను, అయినా ఎక్కుతోంది. జిప్పుల షాపామె, ఆవిడ భర్త, ఇద్దరు దర్జీలు వచ్చి చుట్టూ నిలబడ్డారు, మ్యాచ్ స్కోరు చూస్తున్నట్టు. మధ్యాహ్నం రెండున్నరకు వంద. నేను ఎగిరి గంతేస్తే తల పైకప్పుకు తగిలి బొప్పి కట్టింది. ఆ సాయంత్రం రెండు దీపాలూ వేసి, ఫ్యాను పెట్టి, ఏ పనీ లేకుండా ఊరికే కూర్చున్నాను.

నన్నెందుకు అడగలేదని అన్నావు. అడిగితే నీ పనిలో తప్పు పట్టినట్టవుతుందని. డిపో వదిలిన దిగులులో ఉన్నావు, మళ్ళీ అక్క కూడా ఒక మాట అనడమెందుకని ఊరుకున్నాను. నువ్వేమో నాకు బాగాలేదని ఊహించుకొని మేడెక్కి సూర్యుణ్ణి చూస్తున్నావు. మనిద్దర్నీ కూర్చోబెట్టి మరదలు రెండు మొట్టికాయలు వేయాలి.

డాక్టరు చూశాడు. ఒత్తిడి పోయిన నెలంతే ఉంది, ఒక్క గీత కూడా పెరగలేదు. కాగితం ఇందులో పెడుతున్నాను.

షరతు కొట్టేసినందుకు సంతోషం. ఎర్రగీత చాలా వంకరగా ఉంది, లెక్కల టీచరు గీసినట్టు లేదు. అది నువ్వే గీశావు, నాకు తెలుసు.

మూడు మిషన్లూ అయిపోయాయి. ఎదరకు వెళ్ళాల్సిన ఊళ్ళ పట్టిక రాసుకున్నాను, పద్నాలుగు ఉన్నాయి. వాటిలో ఒక్కటీ నీ ఇంటి వైపు లేదు. అయినా రేపు పొద్దున బండిని నీ ఇంటి వైపే తిప్పుతున్నాను. నువ్వు వెళ్ళమన్నావు కదా, నేనేమో వస్తున్నాను. ఓడిపోయి రావడం లేదురా. ఒరే అని పిలవడానికి వస్తున్నాను. నాలుగు రోజులుంటాను, ఐదో రోజు పొద్దున్నే వెళ్ళిపోతాను. అప్పుడు ఏడవకూడదు, మరదలు నవ్వుతుంది.

ఆదివారం గేటు రెండు తలుపులూ తీసి ఉంచు. బండిని వెనక్కి నడిపించుకుంటూ లోపల పెడతాను, ముఖం రోడ్డు వైపు ఉండేలా.

అక్క